పార్కుకు తాళం వెయ్యొద్దు వదినగారూ

వదినగారూ, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరికి వస్తారా? ఈ మునక్కాడలు మీకోసమే కోయించాను, అందుకోండి. ఇంకో నాలుగు రోజులు చెట్టునే ఉంటే ముదిరిపోతాయి. కూర సంగతి తర్వాత చూద్దాం, ముందు అసలు సంగతి వినండి. ఆదివారం కాలనీ మీటింగులో పార్కు విషయం వస్తోంది. వాట్సాప్ గ్రూపులో తీర్మానం చూసే ఉంటారు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప మిగతా వేళంతా గేటుకు తాళం వెయ్యాలట, బయట ఓ బోర్డు పెట్టాలట. దాని కింద అన్నయ్యగారు కూడా బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆయన బాధ నాకు తెలుసు. మీ మనవరాలికి జారుడుబల్ల దగ్గర గాజుపెంకు గుచ్చుకున్న రోజు ఆ పిల్ల ఏడుపు మా వంటింట్లోకి వినపడింది. ఆయన కోపం న్యాయమైనదే. కానీ ఆ తాళంతో మన పని అవదు. అది మీతో చెప్పుకుందామనే పిలిచాను.

మా మేడ మీద బట్టలారేస్తుంటే పార్కు మొత్తం కనపడుతుంది కదా. పొద్దున అయిదున్నరకి వాకింగు వాళ్ళు వస్తారు. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఎండెక్కి ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతారు. తీర్మానం ఇంకా కాకపోయినా వాచ్‌మన్ ఇప్పటికే తాళం వేసి టీ తాగడానికి పోతున్నాడు. అతనటు పోగానే, కాలేజీకని ఇంట్లో చెప్పి బయల్దేరిన కుర్రాళ్ళు ముగ్గురో నలుగురో వెనకవైపు గోడ దూకి లోపలికి దిగుతారు. సాయంత్రం మళ్ళీ గేటు తీసేదాకా ఆ జాగా వాళ్ళదే. గోడ దూకగలిగిన కుర్రాడిని తాళం ఏం ఆపుతుంది చెప్పండి? తాళం ఆపేది మోకాళ్ళు నొప్పులని మెల్లగా నడిచొచ్చే మామ్మగారిని, చంటిపిల్లని ఎత్తుకుని పది గంటలకి కాస్త గాలికి వద్దామనుకున్న తల్లిని. మనం ఎవరు రావాలనుకుంటున్నామో వాళ్ళనే ఆపి, ఎవరు రాకూడదనుకుంటున్నామో వాళ్ళకి ఏకాంతం చేసి పెడుతున్నాం.

నా మాట వద్దు, పార్కు ఊడ్చే ఆవిడని అడగండి. మొన్న ఆవిడ సంచీ విప్పి చూపించింది. క్వార్టర్ సీసాలు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు, కొరికి పారేసిన నీళ్ళ ప్యాకెట్లు, ఖాళీ మిక్చరు పొట్లాలు, సిగరెట్ పీకలు. ఇవన్నీ పార్కంతా దొరుకుతాయా అని అడిగాను. "లేదమ్మా, గా పంపుహౌసు ఎనక, గోరింట కంచె పక్క బెంచీ కాడ, గంతే. లైటు కింద ఒక్క సీస గూడ దొరకది" అంది. రోజూ చీపురు పట్టుకుని ఆ నేల చూసే మనిషి ఆవిడ. ఆ ఒక్క మాట చాలదూ? ఆ బెంచీ చూశారుగా, దారికి వీపు పెట్టి ఉంటుంది. గోరింట కంచె మనిషి తల దాకా పెరిగింది. పక్క స్తంభానికి బల్బు లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళని దారిన పోయేవాళ్ళు చూడలేరు. ఆ మూల మనమే అలా వదిలేశాం, అలాంటి చోటు వెతుక్కునేవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

నాకు ఈ సంగతి బాగా తలకెక్కింది న్యూజెర్సీ వెళ్ళినప్పుడు. కిందటేడు మావాడి దగ్గరికి వెళ్ళాం కదా, వాడి ఆఫీసు మన్‌హాటన్‌లో. ఓ మధ్యాహ్నం పులిహోర డబ్బా పట్టుకుని ఆఫీసు దగ్గరికి రమ్మని, బ్రయంట్ పార్కుకు తీసుకెళ్ళాడు. 42వ వీధిలో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పెద్ద భవనం వెనకాల ఉంటుంది. మధ్యలో పెద్ద పచ్చిక, చుట్టూ చెట్లు, ఎక్కడ చూసినా ఆకుపచ్చ మడత కుర్చీలు. ఒక్కదానికీ గొలుసు లేదు. ఎండ కావాల్సినవాళ్ళు ఎండలోకి, నీడ కావాల్సినవాళ్ళు చెట్టు కిందికి ఎవరికి వాళ్ళు లాక్కుని కూర్చుంటున్నారు. ఇద్దరు ముసలాళ్ళు చదరంగం ఆడుతున్నారు. ఓ అమ్మాయి చెప్పులు విప్పేసి, కాళ్ళు ఇంకో కుర్చీ మీద చాపుకుని పుస్తకం చదువుకుంటోంది, ఒక్కతే. చుట్టుపక్కల ఎవరున్నారో తలెత్తి చూడను కూడా చూడలేదు. నాకు ఆ పార్కులో అన్నిటికన్నా నచ్చింది ఆ అమ్మాయి అలా కూర్చోవడం. మన పార్కులో మధ్యాహ్నం రెండింటికి మన కోడళ్ళెవరైనా అలా కూర్చోగలరా?

ఈ కుర్చీలు రాత్రికి రాత్రి ఎవరూ ఎత్తుకుపోరా అని అడిగితే మావాడు ఆ పార్కు పాత కథ చెప్పాడు. ఇంటికొచ్చాక నేను కూడా కూర్చుని చదివాను. 1970ల్లో అదే పార్కులో పట్టపగలు మత్తుమందులు అమ్మేవాళ్ళట. ఆఫీసులవాళ్ళు లోపలికి రావడం మానేసి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. దానికి కారణం చాలావరకు ఆ పార్కును కట్టిన తీరులోనే ఉంది. 1934లో దాన్ని బాగుచేసినప్పుడు వీధి కన్నా నాలుగడుగులు ఎత్తు లేపి, చుట్టూ ఇనుప కంచె వేసి, కంచె వెంబడి చెట్లపొదలు పెంచారు. నగరం గోల లోపలికి రాకుండా ప్రశాంతంగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ వీధిలో నిలబడ్డ మనిషికి లోపల ఏం జరుగుతోందో కనపడదు, లోపలున్న మనిషికి గబుక్కున బయటపడే దారి కనపడదు. అలాంటి చోటికి భయమున్నవాళ్ళు రారు, భయం లేనివాళ్ళే వస్తారు.

విలియం వైట్ అని ఒకాయన ఉండేవాడు. నగరాల్లో మనుషులు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ నిలబడతారు అని కెమెరాలు పెట్టి ఏళ్ళ తరబడి గమనించినవాడు. 1980లో దాని మీద పుస్తకం వేశాడు, సినిమా కూడా తీశాడు. బ్రయంట్ పార్కు సంగతి చూసి చెప్పమని ఆయన్ని అడిగారు. మత్తుమందు అమ్మేవాళ్ళు అక్కడ చేరడం జబ్బు కాదు, మిగతా జనం రాకపోవడమే జబ్బు అని తేల్చాడాయన. ఒక చోటు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఆయన ముందు అక్కడ ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క చూసేవాడట. మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళు బాగా తక్కువగా కనపడితే అక్కడ ఏదో తేడా ఉన్నట్టే. ఎందుకంటే కూర్చునే చోటు ఎంచుకోవడంలో ఆడవాళ్ళు చాలా జాగ్రత్తగా ఉంటారు. ఇది చదివి నేను లేచి నిలబడ్డాను వదినగారూ. మన అమ్మలు, అమ్మమ్మలు చీకటి సందులో వెళ్ళకు, అరుగు మీద నలుగురున్న వీధిలోంచి వెళ్ళు అని చెప్పిన మాటే కదా ఇది!

1980లోనే ఆ పార్కును బాగుచేయడానికి ఒక సంస్థ పెట్టారు, బ్రయంట్ పార్క్ రిస్టోరేషన్ కార్పొరేషన్ అని. డాన్ బీడర్మన్ అనే ఆయన నడిపించాడు. చుట్టుపక్కల భవనాలవాళ్ళు డబ్బు వేసుకున్నారు, నగరపాలక సంస్థ జాగా తనదిగానే ఉంచుకుని నిర్వహణ వాళ్ళకి అప్పగించింది, లైబ్రరీ చెయ్యి కలిపింది. 1988లో పార్కు మూసి పనులు మొదలుపెట్టి 1992లో తెరిచారు. పొదలు పీకేశారు. దారులు వెడల్పు చేశారు, కొత్త దారులు తీశారు. తినడానికి దుకాణాలు పెట్టారు. మరుగుదొడ్డి ఎంత శుభ్రంగా ఉందంటే లోపల తాజా పూలు పెట్టారు, నేను కళ్ళారా చూశాను. ఆ పచ్చిక కిందే లైబ్రరీవాళ్ళు పుస్తకాలు దాచుకునే గదులు కట్టుకున్నారు. అంటే పైన జనం కూర్చుని పులిహోర తింటుంటే కింద పుస్తకాలు! సరే, అది వేరే సంగతి. పోలీసులు లేకుండా అయిందని నేననట్లేదు. కాపలావాళ్ళు ఉన్నారు, రోజూ కనపడుతూనే ఉన్నారు. కానీ అమ్మేవాళ్ళకి గిరాకీ పోయింది, దాక్కునే మూల పోయింది.

అక్కడి డబ్బు మనకెక్కడిది అంటారు. నిజమే. ఆకాశమంత భవనాలవాళ్ళు వేసుకునే చందాలు, దుకాణాల అద్దెలు మనకి రావు. పైగా అందరి జాగాని ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టడమేమిటని అక్కడ కూడా అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది. మన పార్కు మున్సిపాలిటీదిగానే ఉండాలి. కానీ కంచె కత్తిరించడానికి, బెంచీ ఇటు తిప్పడానికి, బల్బు వేయించడానికి కోట్లు అక్కర్లేదు కదా!

ఆ బోర్డు సంగతి కూడా చెప్తాను, కోప్పడకండి. తీర్మానంలో "పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదు" అని రాయాలని ఎవరో సూచించారు. 2021 ఆగస్టులో మన హైదరాబాదు ఇందిరా పార్కులో సరిగ్గా ఇలాంటి బోర్డే పెట్టారు, గుర్తుందా? ఫొటో బయటికి రాగానే ఇదేం పద్ధతని నగరమంతా అడిగింది. జీహెచ్‌ఎంసీ బోర్డు తీసేసి విచారం చెప్పింది. ధర్నా చౌక్ పక్కన, నగరం నడిబొడ్డున ఉన్న పార్కులోనే నిలవని బోర్డు మన కాలనీలో నిలుస్తుందా? నిలిచినా ఏం సాధిస్తాం? ఇద్దరు పిల్లలు బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటే మన మనవరాలి కాలికి గాజుపెంకు గుచ్చుకోలేదు. సీసా పగలగొట్టినవాడు వేరు, ఆడపిల్ల వెనకపడి మాటలు విసిరినవాడు వేరు, ఊరికే కూర్చున్నవాడు వేరు. ముగ్గురినీ ఒకే గాటన కడితే, అసలు చేసినవాడికి కూడా నన్నూ వాళ్ళతోపాటు ఊరికే అంటున్నారు అని చెప్పుకోవడానికి వీలవుతుంది. మనకి కావాల్సింది ఎవరు కూర్చోవచ్చో నిర్ణయించే హక్కు కాదు. పగలగొట్టకూడదు, తాగకూడదు, ఎవరినీ ఏడిపించకూడదు, అంతే. ఆ మూడింటి దగ్గర మాత్రం రవ్వంత కూడా తగ్గొద్దు.

తగ్గకుండా ఉండటానికి చట్టం కూడా ఇప్పుడు కాస్త గట్టిపడింది. పాత ఐపీసీలో తాగి నలుగురున్న చోట అల్లరి చేస్తే జరిమానా 10 రూపాయలు. నిజంగా పదే! 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 355వ సెక్షన్ కింద, అది 1000 రూపాయల దాకా పెరిగింది. 24 గంటల దాకా సాధారణ జైలు వెయ్యొచ్చు. లేదంటే సమాజ సేవ చేయించొచ్చు. నాకు ఆ చివరిది చాలా నచ్చింది. సీసా పగలగొట్టినవాడు ఊడ్చే ఆవిడ పక్కన నిలబడి ఓ పొద్దున పెంకులు ఏరితే, మళ్ళీ పగలగొట్టడానికి వాడి చెయ్యి రాదు. ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళ సంగతి షీ టీమ్స్ చూసుకుంటాయి. 2014 అక్టోబరు 24న మన హైదరాబాదులోనే మొదలయ్యాయి. మఫ్టీలో వస్తారు, దొరికిన కుర్రాడిని ఇంట్లోవాళ్ళని పిలిపించి వాళ్ళ ఎదుట కూర్చోబెట్టి మాట్లాడతారు. తల్లి ముందు తల వంచుకున్న కుర్రాడు మారే అవకాశం ఎక్కువ. గంజాయి వాసన వస్తే 1908కి ఫోను, తెలంగాణ అంతటికీ అదే నంబరు. మీ చెల్లెలు గుంటూరులో ఉంటారుగా, ఆంధ్రలో అయితే 1972 అని చెప్పండి.

కానీ పోలీసులతో పని చేయించుకోవడంలో ఒక పద్ధతుంది. మావారు, నేను స్టేషనుకి వెళ్ళినప్పుడు అక్కడి ఎస్సై గారు మర్యాదగా కూర్చోబెట్టి ఒక్కటే అడిగారు, "ఏ వేళలో, ఏ మూలలో అమ్మా?" అని. మనవాళ్ళంతా ఫోను చేసి "పార్కులో మందుబాబుల గొడవ ఎక్కువైంది" అని చెప్తున్నారు. బ్లూకోల్ట్స్ బండి వస్తుంది, గేటు ముందు ఓ చుట్టు తిరుగుతుంది, హారన్ వినగానే లోపలివాళ్ళు గోడ దూకుతారు, బండి వెళ్ళిపోతుంది. అదే "రాత్రి ఎనిమిదిన్నరకి, పంపుహౌసు వెనక, వెనక గోడ వైపు నుంచి రండి" అని చెప్తే పని వేరుగా ఉంటుంది. అందుకే ఊడ్చే ఆవిడ ఎక్కడెక్కడ సీసాలు ఏరుతోందో, ఏ రోజుల్లో ఎక్కువో మన పుస్తకంలో రాసుకుందామని సెక్రటరీ గారితో అన్నాను. ఆవిడ చెప్తుంది, మనం రాద్దాం, నెలకోసారి ఎస్సై గారికి ఆ కాగితం ఇద్దాం. అలాగే మలుపులో పాన్‌డబ్బా అతను. వైన్‌షాపులో సీసా కొన్నవాళ్ళకి ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్టు అమ్మేది అతనే. అతని మీద కేసు పెట్టాలని కొందరంటున్నారు. నేనైతే ముందు పిలిచి మాట్లాడదామంటాను. అతని కూతురు మన పార్కులోనే సైకిల్ నేర్చుకుంది.

ఇక అసలు చిక్కు చెప్తాను. వెనక గోడ సంగతి.

ఆ గోడకి అవతల బస్తీ ఉంది. ఇదివరకు అక్కడో చిన్న గేటుండేది, మీరు ఈ ఇంటికి వచ్చేలోపే ఇటుకలు పెట్టి మూసేశారు. బస్తీ పిల్లలు వచ్చి పాడు చేస్తున్నారని. పిల్లలు రావడం ఆగలేదు, గోడ దూకడం నేర్చుకున్నారు. ఆగిపోయింది వాళ్ళ అమ్మలు. చుట్టూ తిరిగి మన గేటు దాకా వచ్చి, వాచ్‌మన్ ఎవరింటికి అని అడిగితే జవాబు చెప్పి లోపలికి రావాలంటే ఏ ఆడమనిషి వస్తుంది? తల్లులు రాని చోట కొడుకులు ఒంటరిగా తిరుగుతున్నారు. నాకు ఈ పార్కు కష్టాల్లో సగం ఆ మూసిన గేటు దగ్గరే మొదలయ్యాయనిపిస్తుంది.

ఆ కుర్రాళ్ళ సంగతే చూడండి, మొన్న దసరాకి తూర్పు వైపు స్తంభానికి పెద్ద లైటు వేయించారు కదా. ఆ వెలుతుర్లో కుర్రాళ్ళు సున్నంతో గీతలు గీసుకుని షటిల్ మొదలుపెట్టారు. రాత్రి తొమ్మిది దాకా ఆడుతున్నారు. వాళ్ళు ఆడుతున్నన్నాళ్ళూ మన ఆడవాళ్ళు భోజనాలయ్యాక ఆ వైపు నాలుగు చుట్లు నడుస్తున్నారు, గమనించారా? అందులో ఒక కుర్రాడు మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. చేతుల నిండా గ్రీజు మరకలు, బ్యాటు మాత్రం గుడ్డతో తుడిచి పట్టుకుంటాడు. రాత్రిళ్ళు ఇంటి దగ్గర ఉండవేరా అని అడిగితే, "ఆంటీ, ఒక్కటే రూము. నాయన పొద్దుగాల డ్యూటీకి పోవాలె, జల్ది పండుకుంటడు. లైటెయ్యనియ్యడు. ఫోన్ మాట్లాడాలన్నా బైటికే రావాలె" అన్నాడు. ఆ పిల్లవాడికి పార్కు తప్ప వేరే చావిడి లేదు వదినగారూ. తాళం వేస్తే వాడు ఎక్కడికి పోవాలి? షటిల్ ఆడేచోటి నుంచి పంపుహౌసు వెనక్కి పదడుగులు. మనం ఎటు తోస్తే వాడు అటు పోతాడు. ఆ పదడుగులు దాటకుండా చూడటమే నా దృష్టిలో ఈ పని మొత్తానికీ ప్రాణం.

అందుకే నేను ఆదివారం గట్టిగా అడగబోయేది ఆ వెనక గేటు తెరవమని. పెద్దది వద్దు, మనిషి పట్టేంత వికెట్ గేటు చాలు. తెరిస్తే బస్తీ అంగన్‌వాడీ పిల్లలు వస్తారు. ఆ టీచరమ్మని కలిశాను. ఓ చిన్న గదిలో, కిటికీ ఒక్కటే, అంతమంది పసిపిల్లల్ని కూర్చోబెట్టుకుంటోంది. గేటు తీస్తే పదకొండింటికి పిల్లల్ని తీసుకొచ్చి చెట్టు కింద పాటలు పాడిస్తానంది. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. మన పార్కు పాడైపోయేది ఆ వేళల్లోనే కదా. పసిపిల్లలు చప్పట్లు కొడుతున్నచోట సీసా మూత తీయడానికి ఎవడికీ మనసొప్పదు. రెండింటికి మహిళా సంఘంవాళ్ళు పార్కు షెడ్డులో కూర్చుని పొదుపు లెక్కలు చూసుకోవచ్చు, ఇప్పుడు వాళ్ళు ఎవరింటి వరండాలోనో ఇరుక్కుని కూర్చుంటున్నారు. మూడున్నరకి బడి వదులుతారు. మన రిటైరైన పెద్దమనుషుల క్యారమ్ బోర్డు కమ్యూనిటీ హాల్లో తాళం వెనక ఉంది, అది షెడ్డులోకి వస్తే చాలు, వాళ్ళే మధ్యాహ్నమంతా కాపలా. బెంగళూరులో కూడా పార్కులకి మధ్యాహ్నం తాళాలుండేవి, 2024లో అక్కడి కార్పొరేషన్ పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచమంది. అంత పెద్ద నగరమే తీసినప్పుడు మనకి భయమెందుకు?

బస్తీవాళ్ళొస్తే మన పిల్లలకి జాగా చాలదని పై వీధి ఆవిడ అన్నారు. ఆవిడ మాట కొట్టిపారేయను, ఉయ్యాలలు రెండే ఉన్నాయి, గొడవ వస్తుంది. ఇంకో రెండు వేయించమని మున్సిపాలిటీని అడగాల్సిందే. దానికి అర్జీ మీద బస్తీవాళ్ళ సంతకాలు కూడా ఉంటే బలం. ఇన్నాళ్ళూ మన అర్జీ మనం ఇచ్చాం, వాళ్ళ అర్జీ వాళ్ళిచ్చారు. ఉద్యానవనం సెక్షన్‌వాళ్ళు కరెంటు సెక్షన్ మీదికి, వాళ్ళు వీళ్ళ మీదికి నెట్టేసుకున్నారు. ఒకే కాగితం మీద కాలనీ, బస్తీ, బడి హెడ్మాస్టరు, అంగన్‌వాడీ టీచరు సంతకాలు పెట్టి, ఇద్దరు అధికారులనీ ఒకే రోజు పార్కులో నిలబెడితే నెట్టడానికి చోటుండదు. కార్పొరేటర్ గారు కూడా అప్పుడే కాస్త చెవిన పెడతారు, బస్తీలో ఓట్లున్నాయిగా.

ఇంకోటి కూడా నన్ను పీకుతోంది. జనం రాని పార్కు మీద కళ్ళు పడతాయి. బెంగళూరు సదాశివనగర్‌లో లేఅవుట్ ప్లానులో పార్కుకని వదిలిన జాగాని నర్సింగ్‌హోమ్‌కి ఇచ్చేశారు. కాలనీవాళ్ళు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు పార్కు జాగా పార్కుకేనని తేల్చింది, ఆ ఇచ్చింది చెల్లదంది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్, ముద్దప్ప కేసు అంటారు దాన్ని. అక్కడివాళ్ళు ఆ పార్కు మాది అనుకున్నారు కాబట్టి నిలబడ్డారు. మన హైదరాబాదులో పార్కు జాగాలు, చెరువులు కాపాడటానికి 2024లో హైడ్రా అనే సంస్థే పెట్టాల్సి వచ్చిందంటే ఎన్ని పోయి ఉంటాయో ఆలోచించండి. రోజులో చాలాభాగం తాళం వేసి, గడ్డి మొలిచి, పాములు తిరిగే జాగా కోసం రేపు కోర్టుకి ఎవరు పోతారు?

సీసీ కెమెరాలు వద్దనట్లేదు, పెట్టనివ్వండి. గేటు దగ్గర ఒకటి, పంపుహౌసు మూల ఒకటి. కానీ కెమెరా జరిగింది చూపిస్తుంది, జరుగుతున్నప్పుడు లేచి ఏం బాబూ అని పలకరించదు. ఆ పలకరింపు మన పెద్దవాళ్ళు చెయ్యాలి, అదీ తిట్టినట్టు కాదు. మొన్న రామాలయం పూజారి గారు ప్రసాదం గిన్నె పట్టుకుని ఆ గోరింట బెంచీ దగ్గరికి నడిచారు. "నాయనా, పులిహోర తీసుకోండి" అని ఆకులో పెట్టి చేతికిచ్చారు. వాళ్ళు సీసా బెంచీ కిందికి తోసేసి, లేచి నిలబడి, కళ్ళకద్దుకుని తీసుకున్నారు. తర్వాత రెండు మూడు రోజులు ఆ బెంచీ ఖాళీగా ఉంది. మళ్ళీ వచ్చారనుకోండి. ఒక్క పూజారి గారు రోజూ గిన్నె పట్టుకుని తిరగలేరుగా, అందుకే నలుగురం కావాలంటున్నాను.

కాబట్టి అన్నయ్యగారితో మీరొక్క మాట మాట్లాడాలి. ఆ బొటనవేలు వెనక్కి తీసుకోమని నేనడగను, మీటింగులో ఆయన మనసుకి తోచింది ఆయన చెప్పుకోవచ్చు. నాకు ఆయన సాయం వేరే కావాలి. కరెంటు ఆఫీసులో అన్నేళ్ళు పనిచేశారు, స్తంభాల సంగతి కాలనీలో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. పంపుహౌసు వెనక స్తంభానికి లైను ఉందా, బల్బు పోయిందా, లేక ఎవరైనా వైరే కోసేశారా అన్నది ఆయన చూసి చెప్తే ఏఈ గారికి సరైన కాగితం రాయొచ్చు. రేపు పొద్దున వాకింగుకి వెళ్ళేటప్పుడు మావారు కూడా వస్తారు, నిచ్చెన మా దగ్గరుంది. అంగన్‌వాడీ టీచరమ్మ కూడా అదే టైముకి గోడ అవతల నుంచి వస్తానంది, గేటు పాత గుమ్మం ఎక్కడుందో చూపించాలట. మీరు కూడా రండి వదినగారూ. ఆ గుమ్మం మూయకముందు మీ ఇంట్లో అద్దెకున్న ఆవిడకి ఫోను చేసి అడిగాను, కానుగ చెట్టు పక్కనే అంది, కానీ అక్కడ రెండు కానుగలున్నాయి.